మధుమేహానికి మిశ్రమ మాత్రలు: కరవు సీమలో పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

అనంతపురం: టైప్-2 మధుమేహ చికిత్సలో ఒకటికి మించిన నోటి మందులను కలిపి వాడటం నేడు సర్వసాధారణమైన విధానం. ఇది శాస్త్రసమ్మతమైనదే, ప్రయోజనకరమైనదే. అయితే తాను వేసుకునే మాత్రలో ఏయే మందులు కలిసి ఉన్నాయో, ఏ పరిస్థితిలో దేనిని నిలుపుదల చేయాలో రోగికి తెలియనప్పుడు మేలు చేయవలసిన మాత్రే ఆపదకు కారణం కాగలదు. ఈ మందులలో కొన్నింటి భద్రత వేళకు తీసుకునే ఆహారంపైన, మరికొన్నింటి భద్రత శరీరంలోని నీటి నిల్వపైన, మూత్రపిండాల స్థితిపైన ఆధారపడి ఉన్నది. వేళకు తిండి, తగినంత నీరు అనే రెండూ ఏడాది పొడవునా నిలకడగా లభించని అనంతపురం పీఠభూమిలో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం కలదు. పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ విషయంలోని ముఖ్యాంశాలను ఇక్కడ పొందుపరచడమైనది.

నేపథ్యం

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన 2008 నుంచి 2020 వరకు దేశంలోని అన్ని రాష్ట్రాలలో దశలవారీగా జరిగిన ఇండియాబ్ అధ్యయన ఫలితాలు 2023 జూన్‌లో వెలువడ్డాయి. దాని ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారు. వయోజనులలో ఇది 11.4 శాతం. మరో 13.6 కోట్ల మంది మధుమేహ పూర్వస్థితిలో ఉన్నారు. వయోజనులలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉన్నట్లు కూడా ఆ అధ్యయనం తేల్చినది. మధుమేహం పట్టణాలకు, సంపన్నులకు పరిమితమైన వ్యాధి అన్న పాత అభిప్రాయానికి ఇక చోటు లేదు.

19,130 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 40 లక్షలకు పైబడినది. 2022 ఏప్రిల్ 4న ఈ జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజించబడినది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు కావడం, ఈశాన్య రుతుపవనాల ప్రభావం ఇంత దూరం బలంగా చేరకపోవడం ఇందుకు కారణాలు. వర్షాధారపు వేరుశనగ సాగు, దాని వైఫల్యం, తదనంతరం బెంగళూరు మొదలైన నగరాలకు వలస ఇక్కడి గ్రామాలకు పరిచితమైన వరుస. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లి గ్రామంలోనే ప్రారంభమైన సంగతి విదితమే. ఉదయాన్నే మట్టిపనికి వెళ్లి, ఎండ ముదిరిన తరువాత ఇల్లు చేరి తొలి ముద్ద తినే కూలీకి, మగ్గం గుంటలో కూర్చుని రోజంతా నేసే ధర్మవరం చేనేత కార్మికునికి, కార్యాలయ ఉద్యోగికి ఒకే మాత్ర ఒకే రీతిగా పనిచేయదు. ఈ వ్యాసంలోని ప్రధానాంశం ఇదే.

ఒక్క మందు ఎందుకు చాలదు?

టైప్-2 మధుమేహంలో ఒకటికి మించిన లోపాలు కలగలిసి ఉంటాయి. శరీరంలో ఇన్సులిన్ ఉన్నా కండరాలు, కాలేయం దానికి సరిగా స్పందించవు. అవసరం లేనప్పుడు కూడా కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. కాలక్రమేణ క్లోమగ్రంథిలో ఇన్సులిన్ ఉత్పత్తి చేసే కణాల శక్తి క్షీణిస్తుంది. ఒక మందు సాధారణంగా వీటిలో ఒకటి రెండు లోపాలనే సవరించగలదు. అందువల్ల సంవత్సరాలు గడిచేకొద్దీ రెండవ మందు అవసరమవుతుంది.

బ్రిటన్‌లో 1977 నుంచి 1997 వరకు 5,102 మంది రోగులపై జరిగిన విఖ్యాత అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టం చేసినది. ఒక్క మందుతో చికిత్స ప్రారంభించినవారిలో 3 సంవత్సరాలు గడిచేసరికి సగం మందికి, 9 సంవత్సరాలు గడిచేసరికి నాలుగింట మూడు వంతుల మందికి అదనపు మందు లేనిదే చక్కెర అదుపులో ఉండని పరిస్థితి ఏర్పడినది. చక్కెరను మెరుగుగా అదుపు చేసినవారిలో కళ్లు, మూత్రపిండాలు మొదలైన అవయవాల సూక్ష్మ రక్తనాళాలకు సంబంధించిన ఉపద్రవాలు 25 శాతం తగ్గినట్లు కూడా అదే అధ్యయనం 1998లో వెల్లడించినది. మెట్‌ఫార్మిన్, విల్డాగ్లిప్టిన్ మందులను తొలి దశ నుంచే కలిపి ఇచ్చినవారిలో చికిత్స విఫలం కావడం ఆలస్యమైనట్లు 34 దేశాలలో 2,001 మందిపై జరిగి 2019లో ప్రచురితమైన మరో అధ్యయనం తెలిపినది.

కావున రెండవ మాత్ర రాశారంటే రోగి తప్పు చేశాడనో, వైద్యుడు మందులు అంటగడుతున్నాడనో భావించవలసిన అవసరం లేదు. వ్యాధి స్వభావమే అటువంటిది.

ఏ మందు ఏమి చేస్తుంది?

మెట్‌ఫార్మిన్: చికిత్సకు సాధారణంగా పునాది ఇదే. కాలేయం నుంచి చక్కెర విడుదలను తగ్గిస్తుంది. ఒంటరిగా వాడినప్పుడు చక్కెరను ప్రమాదకర స్థాయికి పడదోయడం అరుదు. భోజనంతో గాని, భోజనానంతరం గాని తీసుకోవాలి. కడుపు ఉబ్బరం, విరేచనాలు తొలి వారాలలో సాధారణం. మోతాదును క్రమంగా పెంచితే ఇవి తగ్గుతాయి. ఏళ్ల తరబడి వాడినవారిలో బి-12 విటమిన్ లోపం ఏర్పడవచ్చును. అరికాళ్ల తిమ్మిరిని ప్రతిసారీ మధుమేహం ఖాతాలోనే వేయకుండా ఈ లోపాన్ని కూడా పరీక్షించడం మంచిది.

సల్ఫొనైల్‌యూరియాలు: గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఈ కోవకు చెందినవి. క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. చౌక, శక్తిమంతం. అయితే రోగి భోజనం చేసినా చేయకపోయినా ఇవి తమ పని తాము చేస్తూనే ఉంటాయి. చక్కెర పడిపోయే ప్రమాదం నోటి మందులలో ప్రధానంగా వీటివల్లనే సంభవిస్తుంది. దీర్ఘకాలం పనిచేసే గ్లిబెన్‌క్లమైడ్ 60 ఏళ్లు దాటినవారికి తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో పేర్కొన్నది.

గ్లిప్టిన్లు: సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ ఇందులోనివి. భోజనానంతరం పెరిగే చక్కెరకు అనుగుణంగా పనిచేయడం వలన, మెట్‌ఫార్మిన్‌తో కలిపినప్పుడు చక్కెర పడిపోయే ప్రమాదం తక్కువ. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్‌ల మోతాదును మూత్రపిండాల స్థితిని బట్టి తగ్గించవలసి ఉంటుంది. తీవ్రమైన కడుపు నొప్పి వస్తే క్లోమగ్రంథి వాపును అనుమానించి మందు ఆపి వైద్యుని సంప్రదించాలి.

గ్లిఫ్లోజిన్లు: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలైనవి చక్కెరను మూత్రం ద్వారా వెలుపలికి పంపుతాయి. గుండె వైఫల్యం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి అదనపు రక్షణ కల్పిస్తాయి. చక్కెరతో పాటు నీటిని కూడా బయటకు పంపడం వీటి స్వభావం. జననాంగాల వద్ద శిలీంధ్ర సంబంధమైన దురద రావచ్చును. తిండి మానినప్పుడు, తీవ్ర అస్వస్థతలో, చక్కెర అంతగా పెరగకుండానే రక్తం ఆమ్లీకృతమయ్యే కీటోఅసిడోసిస్ అరుదుగా సంభవించవచ్చును.

పయోగ్లిటజోన్: కణాలు ఇన్సులిన్‌కు స్పందించేటట్లు చేస్తుంది. కాళ్ల వాపు, బరువు పెరుగుదల, ఎముకల బలహీనత దీని ఇబ్బందులు. గుండె వైఫల్యం ఉన్నవారికి, మూత్రాశయ క్యాన్సరు ఉన్నవారికి, గతంలో వచ్చినవారికి ఇవ్వరాదు.

వోగ్లిబోస్, అకార్బోస్: పిండి పదార్థాలు జీర్ణమయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. తొలి ముద్దతోనే వేసుకోవాలి. సంగటి, అన్నం ప్రధానాహారమైన ప్రాంతాలలో భోజనానంతర చక్కెరను తగ్గించడానికి ఉపకరిస్తాయి. వాయువు, ఉబ్బరం వీటి దుష్ఫలితాలు.

ఒకే మాత్రలో రెండు మూడు మందులు: లాభనష్టాలు

నిర్దిష్ట మోతాదులో రెండు లేక మూడు మందులను ఒకే బిళ్లగా కూర్చడాన్ని మిశ్రమ ఔషధం అంటారు. మాత్రల సంఖ్య తగ్గడం, మరచిపోకుండా వేసుకునే అవకాశం పెరగడం, పలు సందర్భాలలో ఖర్చు తగ్గడం దీని లాభాలు. రక్తపోటు, కొలెస్టరాల్ మందులతో కలిపి రోజుకు ఏడెనిమిది బిళ్లలు మింగవలసిన వృద్ధునికి ఇది గణనీయమైన ఊరట.

నష్టం కూడా ఆ నిర్దిష్టతలోనే ఉన్నది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడే వ్యక్తికి చక్కెర పడిపోతున్నట్లయితే గ్లిమిపిరైడ్‌ను మాత్రమే తగ్గించవలసి ఉంటుంది. బిళ్ల ఒకటే అయినప్పుడు అది సాధ్యం కాదు. సగానికి విరిచి వేసుకుందామనుకుంటే, మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా విడుదలయ్యేటట్లు తయారుచేసిన మాత్రలను విరవరాదు, నమలరాదు, పొడి చేయరాదు. అలా చేస్తే రోజంతటికీ ఉద్దేశించిన మందు ఒక్కసారిగా విడుదలవుతుంది. ఇటువంటి మాత్ర పైపొర కొన్నిసార్లు మలంలో యథాతథంగా కనబడుతుంది. మందు ఒంటికి పట్టలేదని భావించి మరో బిళ్ల వేసుకోవడం ప్రమాదకరం.

కావున తొలుత మందులను విడివిడిగా ఇచ్చి, మోతాదు స్థిరపడిన తరువాత దానికి సరిపోయే మిశ్రమ మాత్రకు మార్చడం సురక్షితమైన పద్ధతి. వయోవృద్ధులకు, ఒంటరిగా నివసించేవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మూడు మందుల మాత్రను తొలి సందర్శనలోనే ప్రారంభించడం వాంఛనీయం కాదు.

రెండు పేర్లు, ఒకే మందు

మిశ్రమ మాత్రల వాడకంలో నివారించదగిన ప్రమాదాలలో మొదటిది ఒకే మందును తెలియకుండా రెండుసార్లు తీసుకోవడం. ఒక వ్యక్తి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ విడివిడిగా తీసుకుంటాడు. పట్టణంలో ప్రైవేటు వైద్యుడు అవే రెండు మందులు గల మిశ్రమ మాత్రను వాణిజ్య నామంతో రాస్తాడు. ప్రభుత్వ మాత్ర తెల్లగా, ప్రైవేటు మాత్ర రంగుతో ఉంటుంది. రెండూ వేర్వేరు మందులని భావించి రెండింటినీ వేసుకుంటాడు. ఆ రోజు రాత్రి భోజనం ఆలస్యమైతే పరిణామం ఊహించదగినదే.

దీనికి పరిష్కారం ఖర్చుతో కూడినది కాదు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఇంటిలోని మాత్రల అట్టలన్నిటినీ ఒక సంచిలో వేసుకొని వెళ్లి చూపించాలి. అట్ట వెనుక చిన్న అక్షరాలలో ఉండే మందు పేర్లను వైద్యుడు, ఫార్మసిస్టు సరిచూడాలి. పాత చీటీలోని ఏ మందు ఆపివేయాలో కొత్త చీటీపై స్పష్టంగా రాయాలి. రెండు సల్ఫొనైల్‌యూరియాలను గాని, రెండు గ్లిప్టిన్లను గాని కలిపి వాడటం వల్ల అదనపు ప్రయోజనం లేదు. ఇన్సులిన్ ప్రారంభించిన రోగికి సల్ఫొనైల్‌యూరియాను కొనసాగించవలసిన అవసరాన్ని పునఃపరిశీలించాలి.

తిండి తప్పినప్పుడు

రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దానిని హైపోగ్లైసీమియాగా పరిగణిస్తారు. గ్రామీణులు దీనిని షుగరు పడిపోవడం అంటారు. చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, చూపు మసకబారడం, తికమకగా మాట్లాడటం దీని లక్షణాలు. ఎండలో పనిచేసే కూలీ విషయంలో ఇవే లక్షణాలను వడదెబ్బగాను, మద్యం సేవించినవాని విషయంలో మత్తుగాను పొరబడే అవకాశం ఉన్నది. మధుమేహానికి మాత్రలు వాడే వ్యక్తి ఇటువంటి స్థితిలో కనబడినప్పుడు చక్కెర పరీక్ష తక్షణం చేయాలి. పరికరం అందుబాటులో లేకుంటే చక్కెర పడిపోయినట్లే భావించి చికిత్స చేయడం మేలు.

స్పృహలో ఉన్న వ్యక్తికి 3 చెంచాల గ్లూకోజ్ పొడిని నీటిలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తరువాత తిరిగి పరీక్షించి, అవసరమైతే మరల ఇవ్వాలి. తేరుకున్న వెంటనే భోజనం పెట్టాలి. వోగ్లిబోస్ లేక అకార్బోస్ కలిసిన మాత్ర వాడేవారికి పంచదార, బెల్లం ఆశించిన వేగంతో పనిచేయవు. ఆ మందు పంచదార జీర్ణాన్నే అడ్డుకుంటుంది. వారి వద్ద గ్లూకోజ్ పొడి తప్పనిసరిగా ఉండాలి. స్పృహ కోల్పోయిన వ్యక్తి నోటిలో ఏదీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

సల్ఫొనైల్‌యూరియా వల్ల పడిపోయిన చక్కెర, ఒకసారి కోలుకున్న తరువాత కూడా కొన్ని గంటలకు తిరిగి పడిపోవచ్చును. వృద్ధులలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఇది మరింత సాధారణం. గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నాడన్న కారణంతో వెంటనే ఇంటికి పంపరాదు. పరిశీలనలో ఉంచాలి.

సల్ఫొనైల్‌యూరియా ఉన్న మాత్రకు సూత్రం ఒక్కటే: తిండి లేని పూట మాత్ర లేదు. ఉదయం 6 గంటలకు పనికి వెళ్లి 11 గంటలకు తొలి భోజనం చేసే వ్యక్తి, ఇల్లు విడిచేటప్పుడు కాక, భోజనం ముందుంచుకున్న తరువాతే ఆ మాత్ర వేసుకోవాలి. ఈ వేళల వివరం రోగి చెప్పడు. వైద్య సిబ్బందే అడిగి తెలుసుకోవాలి. నిలకడలేని వేళలలో తినేవారికి చక్కెర పడదోయని మందుల కలయికను ఎంచుకునే విషయాన్ని వైద్యులు పరిశీలించవచ్చును.

నీరు తగ్గినప్పుడు

ఈ ప్రాంతంలో వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. చెమట, వాంతులు, విరేచనాల వల్ల శరీరం నీటిని కోల్పోయినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ మూత్రపిండాల ద్వారానే బయటకు పోవలసి ఉన్నందున అది శరీరంలో పేరుకొని, అరుదుగానైనా, ప్రాణాంతకమైన లాక్టిక్ అసిడోసిస్‌కు దారితీయవచ్చును. గ్లిఫ్లోజిన్లు నీటి నష్టాన్ని మరింత పెంచుతాయి. సల్ఫొనైల్‌యూరియా కూడా పేరుకొని చక్కెరను పడదోస్తుంది.

కీళ్లనొప్పులకు, ఒంటినొప్పులకు మందుల దుకాణంలో చీటీ లేకుండా కొని వేసుకునే నొప్పి మాత్రలు ఈ పరిస్థితిని మరింత విషమం చేస్తాయి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర, రక్తపోటు మాత్ర, నీటి లోటు మూడూ కలిసినప్పుడు మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉన్నది.

వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరంతో ఆహారం, నీరు తీసుకోలేని రోజులలో మెట్‌ఫార్మిన్, గ్లిఫ్లోజిన్ మందులను తాత్కాలికంగా నిలిపి వైద్యుని సంప్రదించాలి. సల్ఫొనైల్‌యూరియా విషయంలో ఆహారాన్ని, చక్కెర పరీక్షను బట్టి నిర్ణయం తీసుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు దానిని సొంత నిర్ణయంతో పూర్తిగా ఆపరాదు. కోలుకొని, మామూలుగా తింటూ తాగుతూ ఒకటి రెండు రోజులు గడిచిన తరువాత వైద్య సలహాతో మందులను పునఃప్రారంభించాలి. శస్త్రచికిత్సకు కనీసం 3 రోజుల ముందు గ్లిఫ్లోజిన్లను ఆపవలసి ఉంటుంది. రంగుద్రవం ఎక్కించి తీసే స్కానింగులకు ముందు మెట్‌ఫార్మిన్ వాడుతున్న సంగతిని తెలియజేయాలి.

ఉపవాసాలు, వలసలు

కదిరి, హిందూపురం, గుంతకల్లు వంటి పట్టణాలలో రంజాన్ ఉపవాసాలు పాటించే కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. మహాశివరాత్రి, ఏకాదశి, కార్తీక సోమవారాల ఉపవాసాలు పల్లెలలో సాధారణం. ఉపవాసం ఉండాలా వద్దా అన్నది రోగి విశ్వాసానికి సంబంధించినది. మందుల వేళలను, మోతాదులను ముందుగా మార్చుకోవడం వైద్యానికి సంబంధించినది. రంజాన్‌కు 6 నుంచి 8 వారాల ముందు వైద్యుని కలవడం శ్రేయస్కరం. రోజుకొకసారి వేసుకునే సల్ఫొనైల్‌యూరియాను ఇఫ్తార్ వేళకు మార్చడం, అవసరమైతే తగ్గించడం సాధారణ పద్ధతి. చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని నిపుణులు సూచిస్తున్నారు. చక్కెర పరీక్ష కోసం వేలికి సూది గుచ్చడం ఉపవాస భంగం కాదని మత పెద్దల ద్వారా తెలియజేయడం ప్రయోజనకరం.

వలస వెళ్లే కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. మాత్రలు అయిపోయినప్పుడు నగరంలో దుకాణదారుడు ఇచ్చిన మరో మిశ్రమ మాత్రతో కాలం గడుపుతారు. మోతాదు మారిపోతుంది. ప్రయాణానికి ముందు తగినన్ని మాత్రలు, మందుల పేర్లు రాసిన చీటీ వెంట తీసుకువెళ్లడం అవసరం. వాణిజ్య నామం కాక మందు పేరు, మిల్లీగ్రాముల మోతాదు ఉన్న చీటీ ఏ రాష్ట్రంలోనైనా చెల్లుబాటు అవుతుంది.

చేయించవలసిన పరీక్షలు

మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో పెద్దలకు సాధారణ లక్ష్యం 7 శాతం. వృద్ధులకు, ఇతర తీవ్ర వ్యాధులు ఉన్నవారికి 8 శాతం వరకు అంగీకారయోగ్యం. అందరికీ ఒకే లక్ష్యాన్ని విధించి మాత్రలు పెంచుతూ పోవడం వృద్ధులకు హానికరం. భోజనానికి ముందు 80 నుంచి 130, భోజనం తరువాత 180 లోపు చక్కెర ఉండటం సాధారణ లక్ష్యాలు.

మూత్రపిండాల పనితీరును క్రియాటినిన్ ఆధారంగా లెక్కించే ఇ.జి.ఎఫ్.ఆర్. పరీక్షను ఏడాదికి కనీసం ఒకసారి చేయించాలి. ఇది 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ మోతాదును తగ్గించాలి. 30 కంటే తగ్గితే నిలిపివేయాలి. మిశ్రమ మాత్ర వాడేవారి విషయంలో ఈ నియమం తరచు మరుగున పడుతుంది. మాత్ర పేరులో మెట్‌ఫార్మిన్ కనబడకపోవడమే ఇందుకు కారణం. వీటితో పాటు మూత్రంలో అల్బుమిన్, కంటి రెటీనా, పాదాల పరీక్షలు ఏటా జరగాలి. గర్భం ధరించిన స్త్రీలు, ధరించదలచిన స్త్రీలు తక్షణం వైద్యుని సంప్రదించి మందులు మార్చుకోవాలి. క్షయ చికిత్సలో ఇచ్చే రిఫాంపిసిన్ సల్ఫొనైల్‌యూరియా ప్రభావాన్ని తగ్గిస్తుంది కనుక ఆ రోగుల చక్కెరను తరచుగా పరీక్షించాలి.

నియంత్రణ చర్యలు

మధుమేహ మందుల భద్రతపై ప్రభుత్వ చర్యలకు సుదీర్ఘ చరిత్ర ఉన్నది. లాక్టిక్ అసిడోసిస్ కారణంగా ఫెన్‌ఫార్మిన్ 2003లోను, గుండె సంబంధిత భయాల కారణంగా రోసిగ్లిటజోన్ 2010లోను దేశంలో నిషేధించబడ్డాయి. పయోగ్లిటజోన్ 2013 జూన్‌లో నిలుపుదలకు గురై, మూత్రాశయ క్యాన్సరుపై హెచ్చరిక ముద్రించాలన్న షరతుతో జూలై నెలాఖరున పునఃప్రవేశం పొందినది.

హేతుబద్ధత లేని మిశ్రమ ఔషధాల విషయంలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016 మార్చి 10న 344 మిశ్రమాలను నిషేధించినది. ఢిల్లీ హైకోర్టు అదే సంవత్సరం డిసెంబరు 1న ఆ ఉత్తర్వును కొట్టివేసినది. సుప్రీం కోర్టు 2017 డిసెంబరు 15న ఈ అంశాన్ని ఔషధ సాంకేతిక సలహా మండలికి నివేదించినది. మండలి సిఫారసు మేరకు 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాలపై తిరిగి నిషేధం వెలువడినది. వీటిలో మధుమేహ మాత్రలు కొన్ని ఉన్నాయి. మిశ్రమ ఔషధాలన్నీ నిషిద్ధమని గాని, మార్కెట్‌లో ఉన్నవన్నీ హేతుబద్ధమని గాని దీని భావం కాదు.

ధరలు, లభ్యత

విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019లో, డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, సిటాగ్లిప్టిన్ పేటెంటు 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో ముగిసినందున వీటి ధరలు గణనీయంగా తగ్గాయి. సిటాగ్లిప్టిన్ 50 మిల్లీగ్రాముల మాత్రలను 2022 సెప్టెంబరులో జన ఔషధి కేంద్రాలలో 10 మాత్రలకు 60 రూపాయల ధరతో ప్రవేశపెట్టారు. 2022 నాటి జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్‌లతో పాటు టెనెలిగ్లిప్టిన్ కూడా చోటు చేసుకున్నది. ధర తగ్గడం హర్షణీయం. అయితే చౌకగా లభించే కొత్త మందులు కొత్త మిశ్రమాలకు, కొత్త పేర్లకు దారితీస్తాయి. పేర్లు పెరిగేకొద్దీ పొరబాటుకు అవకాశం పెరుగుతుంది.

ఖరీదైన ఆసుపత్రి చికిత్సలకు ఉద్దేశించిన ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. మధుమేహ రోగికి ఆ దశ రాకుండా కాపాడేది ప్రతినెలా అందే మాత్ర, ఏడాదికొకసారి జరిగే మూత్రపిండాల పరీక్ష. ఈ బాధ్యత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలపైన, గ్రామ స్థాయి ఆరోగ్య సిబ్బందిపైన ఉన్నది. అసాంక్రామిక వ్యాధుల నియంత్రణకు ఉద్దేశించిన జాతీయ కార్యక్రమం క్రింద 30 సంవత్సరాలు పైబడిన వారందరికీ మధుమేహ, రక్తపోటు పరీక్షలు నిర్వహించవలసి ఉన్నది.

అధికారులు గమనించవలసినవి

మందుల సరఫరాలో విడి మాత్రలు, మిశ్రమ మాత్రలు రెండూ అందుబాటులో ఉన్నప్పుడే మోతాదు సవరణ సాధ్యమవుతుంది. ఒక రకం నిల్వ అయిపోయి మరొకటి ఇవ్వవలసి వచ్చినప్పుడు మార్పును రోగికి నోటితో చెప్పి, చీటీపై రాయాలి. చదువు రానివారికి సూర్యుడు, చంద్రుడు, పళ్లెం బొమ్మలతో వేళలను గుర్తు పెట్టి ఇవ్వవచ్చును. ఆశా కార్యకర్తలు ఇంటింటి సందర్శనలో ‘మాత్రలు వేసుకుంటున్నారా’ అని మాత్రమే కాక, ‘తిన్న తరువాతా, తినక ముందా, ఈ వారంలో తల తిరిగిందా, మాత్రల అట్టలన్నీ చూపిస్తారా’ అని అడగాలి. వేసవి పనిస్థలాలలోని ప్రథమ చికిత్స పెట్టెలో ఓ.ఆర్.ఎస్.తో పాటు గ్లూకోజ్ పొడిని కూడా ఉంచడం అల్ప వ్యయంతో అధిక ప్రయోజనం కలిగించే చర్య.

పాత్రికేయులు గమనించవలసినవి

ఒక మందుపై నిషేధం లేక హెచ్చరిక వెలువడినప్పుడు ఆ మందు పేరు, మిశ్రమం వివరం, మోతాదు స్పష్టంగా ప్రచురించాలి. ‘షుగరు మాత్రలతో ముప్పు’ వంటి శీర్షికను చూసి రోగులు మందులన్నీ మానివేసే అవకాశం ఉన్నది. మందులు హఠాత్తుగా మానడం వల్ల కలిగే హాని, దుష్ఫలితాల హాని కంటే తక్కువది కాదు. మధుమేహాన్ని పూర్తిగా నయం చేస్తామనే పొడులు, పసర్ల ప్రకటనలను ప్రచురించేముందు, వాటిని నమ్మి మాత్రలు మానుకునే పాఠకుని గురించి కూడా ఆలోచించవలసి ఉన్నది. రాగి సంగటి, కొర్రన్నం ఎంత తిన్నా చక్కెర పెరగదన్న ప్రచారం కూడా సరికాదు. చిరుధాన్యాలు తెల్ల బియ్యం కంటే మేలైనవే అయినా పరిమాణం ముఖ్యం.

మిశ్రమ మాత్ర వాడే ప్రతి వ్యక్తికీ నాలుగు విషయాలు తెలిసి ఉండాలి. మాత్రలోని మందుల పేర్లు, వేసుకోవలసిన వేళ, తినని రోజున గాని, వాంతులైన రోజున గాని ఏమి చేయాలన్నది, మూత్రపిండాల పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగినదన్నది. ఈ నాలుగింటికీ రోగి జవాబు చెప్పలేకపోతే మందు మార్చడం కంటే ముందుగా, అతనితో పది నిమిషాలు మాట్లాడటం చికిత్సలో భాగమని గుర్తించవలసి ఉన్నది.